చిన్న కారు: గౌరవం ఎంత, ప్రాణం ఎంత

పోయిన భాగంలో సైకిల్ గురించి రాస్తే చీమకుర్తి నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు ఒకటి చూశా. మైలేజీ బాగా ఇస్తదంట. తీసుకోమంటావా?" తీసుకో అనో వద్దనో ఒక్క మాటలో తేల్చేయొచ్చు. కానీ మన చరిత్రలో బండి అంటే ఉత్త బండి కాదు.

అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివినవాళ్లకి తెలుసు. 1901లో పదేళ్ల పిల్లాడు తోటి పిల్లలతో కలిసి తండ్రి దగ్గరికి బయల్దేరి మసూర్ స్టేషన్లో రైలు దిగాడు. మహర్లని తెలియగానే ఒక్క బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు, రెట్టింపు బాడుగకి. అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తను పక్కన నడిచొస్తాడు! డబ్బులు తీసుకున్నా మనతో కలిసి కూర్చోడన్నమాట.

ఆయనదే ఇంకో అనుభవం మనవాళ్లు తక్కువగా చెప్పుకుంటారు. 1929, చాలీస్‌గావ్. అప్పటికి ఆయన బారిస్టరు, బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. అయినా స్టేషన్ నుంచి మహర్‌వాడకి తీసుకెళ్లడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. అంత పెద్దమనిషిని నడిపించడం మర్యాద కాదని అక్కడి మహర్లు టాంగా మాత్రం అద్దెకి తీసుకుని, తోలడం రాని తమవాడినే కూర్చోబెట్టారు. కల్వర్టు దగ్గర చక్రం ఇరుక్కుని అంబేడ్కర్ రాళ్ల మీద పడ్డారు. కాలు విరిగింది. తన గౌరవం కాపాడబోయి తన ప్రాణం మీదికి తెచ్చారని ఆయనే రాసుకున్నారు.

చిన్న కారు దగ్గర మనకి మళ్లీ ఇదే బేరం ఎదురవుతుంది.

1983 డిసెంబర్ 14న ఇందిరా గాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందించారు. 796 సీసీ, మూడు సిలిండర్లు, ధర సుమారు 50 వేలు. అంతకుముందు అంబాసిడర్, పద్మిని. అంబాసిడర్ మన పల్లెల్లోకి వచ్చిందంటే ఆఫీసరో, ఓట్లడిగే నాయకుడో, ఆసామో వచ్చినట్టు. చిన్న కారు ఆ భయాన్ని కొంత తీసేసింది. పత్రికలు దాన్ని సామాన్యుడి కారు అన్నాయి. ఏ సామాన్యుడు? ఏడాదిన్నర దాటాక, 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి కడగొద్దని అడిగినందుకు మాదిగల్ని వెంటాడి చంపారు. మిగిలినవాళ్లు చీరాలకి పారిపోయి శిబిరంలో బతికారు. ఆ రోజుల్లో 50 వేలంటే కూలి చేసుకునే మన ఇంటికి ఊహలో కూడా లేని సొమ్ము. మారుతి మనదాకా వచ్చింది చాలా ఏళ్ల తర్వాత, రెండో చేతో మూడో చేతో మారి. ముందు టీచరు ఇంటికి, బ్యాంకు ఉద్యోగి ఇంటికి. అంటే రిజర్వేషన్ తెచ్చిన జీతం వెనకాలే వచ్చింది.

దాని విలువ పెట్రోలు లెక్కలో మాత్రమే దొరకదు. అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆడమనిషిని ఒంగోలు తీసుకెళ్లడానికి ఊళ్లోకి పోయి ఇంకొకరి అరుగు కింద నిలబడి బండి అడుక్కోనక్కర్లేదు. తలుపేసుకుంటే మన ఇల్లే. లీటరుకి ఎక్కువ కిలోమీటర్లు ఇవ్వడం అందుకే ముఖ్యం. కొనడం ఒకసారి, నడపడం నెలనెలా. పెద్ద బండి కొని వాకిట్లో నిలబెట్టుకున్నవాళ్లని మనం చూడలేదా?

ఇక నానో. స్కూటరు మీద వానలో తడుస్తూ పోయే కుటుంబాన్ని చూసి ఆలోచన వచ్చిందని రతన్ టాటా చెప్పారు. 2008 జనవరిలో చూపించారు, 2009 మార్చిలో మార్కెట్లోకి తెచ్చారు. లక్ష రూపాయల కారు, 624 సీసీ. దానికి మొదట సింగూరులో 997 ఎకరాలు తీసుకున్నారు. భూమి కాగితం ఉన్నవాడితోనే బేరం. అక్కడ నాట్లేసి కోతకోసే కూలీకి కాగితం ఎక్కడిది? ఉద్యమం వచ్చి ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సాణంద్‌కి పోయింది. 2016లో సుప్రీంకోర్టు ఆ భూసేకరణే చెల్లదంది. కారు మాత్రం 2018కల్లా ఆగిపోయింది. కారణాలు చాలా ఉన్నాయి, మంటలు అంటుకున్న సంఘటనలూ ఉన్నాయి. నా దృష్టిలో అసలు దెబ్బ పేరే. 'అన్నిటికంటే చవక' అన్న ముద్ర. ముద్రలు మోసీ మోసీ ఉన్నవాడు లక్ష పోసి ఇంకో ముద్ర కొనుక్కుంటాడా?

2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు మన దేశపు చిన్న కార్లని గోడకి గుద్ది చూశారు. నానోకి సున్నా, ఆల్టో 800కి సున్నా, ఎయిర్‌బ్యాగులు లేని పోలోకీ సున్నా. అదే పోలోకి రెండు ఎయిర్‌బ్యాగులు పెడితే పెద్దవాళ్ల భద్రతకి నాలుగు స్టార్లు. అంటే ఎలా కాపాడాలో కంపెనీకి తెలుసు. దాన్ని విడిగా అమ్మింది, అంతే. చాలీస్‌గావ్ మహర్లకి ఇంకో దారి లేదు. కంపెనీలకి ఉంది.

ఇప్పుడు చీమకుర్తికి రండి. నల్లరాయిలో బంగారు చుక్కలుండే గెలాక్సీ గ్రానైట్ ఇక్కడిదే. రామతీర్థం చుట్టూ క్వారీలు. టన్నుల బరువున్న బ్లాకులు లారీల మీద ఒంగోలు రోడ్డెక్కి ఓడరేవులకి పోతాయి. సంతనూతలపాడు నియోజకవర్గం రిజర్వుడు, ఎమ్మెల్యే మనవాడే. క్వారీ లీజుల్లో మాత్రం మన పేరు వెతుక్కోవాలి. మన పిల్లలు చాలామంది స్టీరింగు పట్టింది ఇంకొకరి కారులోనే. సొంతానికి కొన్న పాత రేకుల బండిని ఆ రాతి లారీల మధ్య నడపాలి. అదే రోడ్డు మీద యజమాని బరువైన ఎస్‌యూవీలో పోతాడు. గుద్దుకుంటే ఎవరి ఇంట్లో ఏడుపో వేరే చెప్పాలా?

తమ్ముడూ, కొనుక్కో. కానీ మైలేజీ అడిగే ముందు తయారైన నెల, సంవత్సరం అడుగు. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జూలై నుంచి. పక్క సీటుకి కొత్త మోడళ్లలో 2021 ఏప్రిల్ నుంచి, పాత మోడళ్లలో ఆ ఏడాది దాటాక. ఆ నిబంధన కొత్తగా అమ్మే కార్లకే. మన పల్లెలకొచ్చే సెకండ్ హ్యాండ్ బండ్లు ఎక్కువగా అంతకుముందువి. ఫైనాన్స్ వాడు కాగితం మీద సంతకం పెట్టించుకునేముందు వెనక సీటు బెల్టులు లాగి చూడు, పనిచేస్తున్నాయో లేదో. అమ్మ కూర్చునేది అక్కడే.