ఖాదీ భాండారం నుంచి బొటిక్ దాకా

హైదరాబాదులో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వీధులలో బొటిక్‌లనే దుకాణాలు చాలా వెలిశాయి. వాటిలో చేనేత చీరలతోపాటు ఖాదీ వుంటుంది, 'వింటేజ్' అనే పేరుతో పాత పట్టుచీరలు కూడా వుంటాయి. నిన్న మొన్నటిదాకా పాత బట్టలు ఇస్తే వీధిలోకి వచ్చే సామాన్లవాడు ఓ స్టీలు గిన్నె ఇచ్చిపోయేవాడు. జరీ వున్న చీరయితే దాన్ని కాల్చి వెండి తీసుకునేవారు. అంటే చీరకు పాతబడినకొద్దీ విలువ తగ్గేది. ఇప్పుడు పాతదనమే విలువగా మారింది. చేతిపని, మోటు నూలు, ఎగుడుదిగుడు నేత కూడా అట్లాగే విలువ సంపాదించుకున్నాయి. ఇది అభిరుచి పెరగటం వల్ల వచ్చిన మార్పేనా? ఈ ప్రశ్నను దుకాణం ముందు నిలబడి కాక, బట్ట తయారయ్యే చోటు నుంచి అడగాలి. మెట్‌పల్లి అటువంటి చోటు.

ఇంగ్లీషు పాలన మన చేమగ్గాన్నీ రాట్నాన్నీ ఎట్లా విరిచివేసిందో 1853లోనే మార్క్స్ న్యూయార్కు పత్రికలో రాశాడు. మగ్గం మిల్లు నూలు తెచ్చుకుని ఏదో విధంగా బ్రతికింది. రాట్నానికి ఆ అవకాశం కూడా లేదు. దాన్ని మళ్ళీ తిప్పటానికి 1925లో అఖిల భారత చరఖా సంఘం పుట్టింది. మెట్‌పల్లి ప్రాంతంలో ఖాదీ ఉత్పత్తి ఆ సంఘం కాలంలోనే మొదలయింది. 1938లో స్టేట్ కాంగ్రెసును, అది ఇంకా ఏర్పడకముందే, నిషేధించిన నిజాం రాజ్యం ఇది. అటువంటి చోట ఖాదీ కట్టటానికి ఎంత అర్థం వుండేదో వేరే చెప్పనక్కరలేదు.

అయితే కట్టినవారి త్యాగాన్ని గురించి చరిత్రలో చాలా రాశారు. వడికినవారి కూలిని గురించి అంతగా రాయలేదు. అసలు కథ అక్కడే వుంది. ఖాదీ మిల్లు బట్టతో పోటీపడి అమ్ముడుపోవాలంటే ధర తగ్గాలి. ధర తగ్గాలంటే కోత పడేది వడికే ఆడవారి కూలి మీదనే. బీదవారి సేవ పేరుతో బీదవారినే దోచుకుంటున్నామా అన్న ప్రశ్న 1935 నాటికి తప్పించుకోలేనిదయింది. ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు ఇవ్వాలని గాంధీ వాదించాడు. సంఘం అంత ఇవ్వలేకపోయింది. కాని కనీస కూలి సూత్రాన్ని ఒప్పుకుని రేట్లు పెంచింది. కూలి పెరిగింది, దానితో ధరా పెరిగింది. ఇంకా ఖరీదైన బట్టను కూలివాడు కొనలేడు.

ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. ఖాదీ ధనికుల దుకాణం వైపు నడవటం ఆదర్శాన్ని అమ్ముకోవటంతో మొదలు కాలేదు. వడికే మనిషికి కొంత న్యాయం చెయ్యబోవటంతోనే మొదలయింది. వ్యక్తుల స్వభావాలు మంచివయినా సంత నియమం అట్లా పనిచేస్తుంది.

ఇది మన దేశానికే ప్రత్యేకమైన చిక్కు కాదు. ఇంగ్లండులో విలియం మారిస్ చేతిపనికి గౌరవం తేవాలని తపించాడు. ఆయన కంపెనీ 1877లో లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచింది. ఆ తరువాత ఆయన సోషలిస్టు అయ్యాడు. కాని ఆయన తెరలూ తివాచీలూ కొన్నది సంపన్నులే. 1899లో వెబ్లెన్ ఈ సంగతి మీదనే వేలు పెట్టాడు: యంత్రం నునుపైన వస్తువును చవగ్గా ఇచ్చేటప్పటికి, చేతిపనిలోని లోపాలే గొప్పతనానికి గుర్తులయినాయి. నేడు బొటిక్‌లో నూలు ముడిని వేలితో తడిమి మెచ్చుకోవటం వెనక వున్నదీ ఇదే.

స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వం ఈ చిక్కును డబ్బుతో విప్పాలని చూసింది. 1953లో మిల్లు బట్ట మీద సుంకం వేసి ఖాదీకీ చేనేతకూ మళ్ళించారు. 1956లో ఖాదీ కమిషన్ చట్టం వచ్చింది. అంబర్ చరఖా వచ్చింది. రిబేటు కొంతకాలం ధరకూ కూలికీ మధ్య దూరాన్ని భరించింది. మెట్‌పల్లిలో ఖాదీ గ్రామోద్యోగ ప్రతిష్ఠాన్ ఆ వారసత్వంలోనిదే. కాని ఇదే మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వైపు ఇళ్ళలో ఆడవారి చేతుల్లోకి చేరిన పని ఎక్కువగా బీడీలు చుట్టటం. మగవారు గల్ఫు దారి పట్టారు. రాట్నం ఇల్లు నిలబెట్టగలిగితే ఇదంతా జరిగేదా?

మరి బీదవారికి చవక బట్ట ఎవరిస్తున్నారు? సిరిసిల్లకు పోతే జవాబు కనబడుతుంది. అక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు, యజమాని, ఆసామి, కార్మికుడు అనే మెట్ల మీద నడుస్తాయి. ధర తగ్గినప్పుడు ఆ బరువంతా చివరి మెట్టు మీద పడుతుంది. ఆ వూరి ఆత్మహత్యలు మన ఇటీవలి చరిత్రలో పెద్ద మచ్చ. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరలు అక్కడ నేయించటంతో పని దొరికింది. 2023 చివర ప్రభుత్వం మారాక ఆ పథకం ఆగింది. 2024 మొదట్లో మగ్గాలు మూగబోయాయి. ప్రభుత్వ కొనుగోలు మనుషులను నిలబెట్టగలదని దీనివల్ల రుజువయింది. అది హక్కుగా కాక దయగా వున్నంతకాలం నమ్మదగింది కాదని కూడా రుజువయింది.

కనుక మనముందున్నవి రెండు బట్టలు. ఒకటి ఖరీదయింది, దానికి గిరాకీ ఉన్నవారి ముచ్చట మీద ఆధారపడుతుంది. రెండోది చవకయింది, ఆ చవకదనం నేసేవాడి కడుపు కోసి తెచ్చింది. మన మిత్రులు కొందరు మొదటిదాన్ని చూసి వేళాకోళం చేస్తారు, కొందరు ఖాదీ చొక్కా తొడిగి తృప్తిపడతారు. రెండూ ఆలోచనకు బదులు కావు.

బొటిక్‌లో బట్టకు కట్టిన అట్టముక్క మీద ధర వుంటుంది, వూరి పేరు వుంటుంది, ఒక్కొక్కప్పుడు నేసినవారి ఫోటో కూడా వుంటుంది. చిలపకు ఎంత ఇచ్చారో, గజానికి ఎంత ఇచ్చారో మాత్రం వుండదు. పాతదనానికి వెల కట్టగలిగిన వ్యాపారానికి ఈ లెక్క చెప్పటం కష్టం కాదు. విద్యార్థులూ ఉపాధ్యాయులూ మెట్‌పల్లి, సిరిసిల్లల చరిత్ర రాయదలిస్తే ఆ లెక్కతో మొదలుపెట్టాలి. 1935లో లేచిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.