సంతకం లేని కరపత్రం

కవిత్వానికి విమర్శకులున్నారు, నవలకున్నారు, ఈమధ్య సినిమా పాటక్కూడా వున్నారు. టూరిజం శాఖ కరపత్రానికి మాత్రం లేరు. మనం అచ్చు వేసుకునే పుస్తకం వెయ్యి కాపీలు చెల్లడానికి ఏళ్ళు పడుతుంది. ఆ కరపత్రాన్నీ, దాని వెంట వచ్చే పోస్టరునీ, బస్టాండు గోడ మీది బొమ్మనీ, టీవీలో అర నిమిషం ప్రకటననీ లక్షలమంది చదువుతారు, చూస్తారు, నమ్మి టిక్కెట్టు కొనుక్కుని బయల్దేరతారు. ఇంత చలామణీ వున్న రచన సాహిత్య విద్యార్థుల కంట పడకపోవడం వింతే. అందులో ఉపమలున్నాయి, అతిశయోక్తులున్నాయి, కావలసినంత స్థలపురాణం వుంది. లేనివాడల్లా రచయితే. కింద సంతకం వుండదు. చెప్పినమాట నిజం కాకపోతే ఎవర్ని నిలదియ్యాలో చదివినవాడికి తెలియదు.

విశాఖ చేరాలంటే ఒక రాత్రంతా రైలెక్కి పోవలసిన మేళ్లచెరువులో కూచుని నేను అక్కడి బీచి గురించి రాయడం కొందరికి నవ్వు తెప్పించవచ్చు. మాది సున్నపురాతి నేల. శివరాత్రికి శంభులింగేశ్వరుడి జాతర, ఏడాది పొడుగునా సిమెంటు లారీలు, ఇవీ మా వూరి విశేషాలు. అయితే కొండను తవ్వితే ఏం మిగులుతుందో, నీళ్ళు నిలబెడితే ఎవరు లేచిపోవాలో మా ప్రాంతానికి తెలిసినంతగా చాలామందికి తెలియదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు విశాఖ.

కరపత్రం అనే మాటకు ఆ వూళ్ళో వేరే చరిత్ర కూడా వుంది. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలకు రచయితలంతా అక్కడ చేరినప్పుడు విద్యార్థులు ఒక కరపత్రం పంచారు. రచయితలకు సవాలు విసిరారు. శ్రీకాకుళం మండిపోతూంటే మీరెక్కడ నిలబడతారో చెప్పమన్నారు. ఆ కాగితానికి జవాబు చెప్పుకోవలసి వచ్చిన వాళ్ళల్లో శ్రీశ్రీ కూడా వున్నాడు. ఆ జులైలో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. సంఘం మంచిచెడ్డల మీద మనలో మనకు ఎన్ని తగాదాలున్నా ఒకటి ఒప్పుకోవాలి. ఆ కాగితం కింద 'విశాఖ విద్యార్థులు' అని వుంది. అడిగినవాళ్ళు ఎవరో తెలుసు, ఎవర్ని అడిగారో తెలుసు. నేను టూరిజం కరపత్రాన్ని దాని పక్కన పెట్టి చదువుతున్నాను.

ఆ వూరికి రెండు పేర్లుండడంలోనే సగం కథ వుంది. విశాఖపట్నం జాలర్లది, వర్తకులది. వాల్తేరు దొరలది. పాతపట్నంలో మసలిన తెల్ల అధికార్లు గాలి మంచిదని ఉత్తరాన మిట్ట మీద బంగళాలు కట్టుకున్నారు. ఆ మిట్ట పేరే ఎంత పెద్దదైపోయిందంటే స్వాతంత్ర్యం వచ్చిన నలభై ఏళ్ళకు, 1987లో గాని రైల్వే స్టేషను బోర్డు మీంచి వాల్తేరు పోలేదు. తీరాన్ని ఆరోగ్యానికీ విలాసానికీ పనికొచ్చే చోటుగా చూడడం అక్కడ మొదలైంది. 1869లో కార్మైకేల్ రాసిన జిల్లా మాన్యువల్, 1907లో ఫ్రాన్సిస్ రాసిన గెజిటీరు పరిపాలించేవాళ్ళ కోసం రాసినవి. ఆ దొరలు జవాబుదారీ వహించింది మద్రాసు ప్రభుత్వానికే తప్ప జాలరిపేటకు కాదు. అయినా అట్ట మీద పేరుంది కనక ఫలానావాడు ఫలానా సంవత్సరంలో ఇలా రాశాడని ఈనాడు తప్పు పట్టగలం. వాళ్ళ తర్వాత వచ్చిన మన ప్రచార రచయితలు ఆ పాటి అవకాశం కూడా మిగల్చలేదు.

ప్రచారం భాషలో తీరానికి విడవకుండా అంటుకునే విశేషణం 'ప్రశాంతం'. మనుషులు కనపడకపోతే ప్రశాంతం. జాలరికి ఇసుక ఖాళీ జాగా కాదు. అలివి వల లాగడానికి బారెడు మనుషుల వరస నిలబడాలి. తెప్ప ఎక్కించాలి, వల ఆరేసుకోవాలి, చేప ఎండబెట్టాలి. ఎండుచేప వాసన వున్నచోట ప్రశాంతత అమ్ముడుపోదు. కాబట్టి బొమ్మలో జాలరి వుంటే సూర్యాస్తమయానికి ఎదురుగా నల్లటి నీడలా వుంటాడు, మొహం వుండదు. తూర్పుతీరంలో సూర్యుడు సముద్రంలో అస్తమించడని గుర్తులేని పోస్టర్లు కూడా నేను చూశాను.

తీరం గురించి చట్టం మాట్లాడ్డం మొదలుపెట్టింది ఆలస్యంగానే. 1981లో ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఉత్తరం రాసి, పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడాలు లేకుండా చూడమంది. పదేళ్ళ తర్వాత 1991లో తీర నియంత్రణ మండలి నోటిఫికేషను వచ్చింది. మత్స్యకారుల బతుకుదెరువు ప్రసక్తి దాని లక్ష్యాలలోకి ఎక్కడానికి 2011 దాకా ఆగవలసి వచ్చింది. 2019లో మళ్ళీ మార్చినప్పుడు, జనసాంద్రత ఎక్కువగా వుండే గ్రామీణ తీరాల్లో కట్టడాలు కూడని హద్దు 200 మీటర్ల నుంచి 50కి తగ్గింది. ఆ నిషిద్ధ హద్దులో కూడా తాత్కాలిక టూరిజం వసతులకు చోటిచ్చారు. సవరణలన్నీ వరసగా చదివితే సముద్రం ముందుకు వచ్చినట్టుండదు, ఊరే సముద్రం మీదికి నడిచినట్టుంటుంది.

ఇక ఋషికొండ. ఎండాడ గ్రామ పరిధిలో, సముద్రానికి ఆనుకుని వున్న ఆ కొండ మీద టూరిజం సంస్థ వారి పాత రిసార్టు ఒకటి వుండేది. సామాన్యులు కాకపోయినా మధ్యతరగతివాళ్ళు ఓ పూట అద్దెకు దిగగలిగిన చోటు. 2021లో దాన్ని పడగొట్టారు. కాగితాల మీద ఆ పని పేరు 'పునరభివృద్ధి'. ఈ మాట గమనించదగ్గది. 'పునః' అనడంతో వున్నదాన్నే బాగుచేస్తున్నారన్న భావం కలుగుతుంది, కొత్తగా ఏదో చేస్తున్నారన్న అనుమానం పోతుంది. 'అభివృద్ధి' అన్నాక అడ్డుచెప్పేవాడు అభివృద్ధి నిరోధకుడు. ఆరేడు అక్షరాల్లో రెండు వాదాలు నెగ్గించిన సమాసం ఇది. మా పదో తరగతి వాచకంలో ఇంత బలమైన ఉదాహరణ లేదు.

ఒక కార్పొరేటరు, ఒక శాసనసభ్యుడు హైకోర్టు మెట్లెక్కారు. ఒక పార్లమెంటు సభ్యుడు రాసిన లేఖ మీద హరిత ట్రిబ్యునల్ పని ఆపమంది. 2022 జూన్ 1న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టి, పడగొట్టిన భవనాలు వున్న చదును జాగాలో మాత్రం కట్టుకోవచ్చనీ, మిగతాది హైకోర్టు తేలుస్తుందనీ చెప్పింది. అనుమతికి మించి కొండను తవ్వారా లేదా అన్నది చూడడానికి నిపుణుల బృందం వెళ్ళవలసి వచ్చింది. ఈలోగా తవ్విన ఎర్రటి ఏటవాలు మీద ఆకుపచ్చ పట్టాలు పరిచారు. దూరం నుంచి చూసేవాడికి కొండ పచ్చగానే వుంది. ప్రచార సాహిత్యం మొత్తం మీద నాకు ఇంతకన్న నిజాయితీ కలిగిన రూపకం కనపడలేదు.

కట్టేది టూరిజం వసతి అన్నారు. 2023లో ముఖ్యమంత్రి మకాంకు చోటు వెదికిన అధికారుల కమిటీ ఇవే భవనాలు అనువుగా వున్నాయని చెప్పింది. 2024 ఫిబ్రవరి 29న అప్పటి టూరిజం మంత్రి రోజా వాటిని ప్రారంభించారు. పైకం 400 కోట్లు దాటింది. యాత్రికుడికి గది మాత్రం దొరకలేదు. ఎన్నికలయ్యాక జూన్‌లో కొత్తగా గెలిచిన పక్షం వాళ్ళు పత్రికలవాళ్ళను వెంటబెట్టుకుని తలుపులు తీసేదాకా లోపల ఏముందో పన్ను కట్టినవాడికి తెలియదు.

తెరిచాక జరిగింది కూడా మెచ్చుకోదగ్గదిగా లేదు. పేపర్లన్నీ స్నానాల తొట్టెల బొమ్మలు వేశాయి. ఎంత పాలరాయి, ఎంత ఖరీదు కుళాయి అని వారం పాటు లెక్కలు. కొండ ఎంత పోయింది, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు, తీరం మీద ఆధారపడ్డవాళ్ళను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్నలు తొట్టెల కింద పడిపోయాయి. జవాబుదారీ అడగవలసిన చోట ఇంకో విహారయాత్ర జరిగింది. ప్రభుత్వం మారి ఏడాది గడిచాక, 2025లో కూడా, ఆ భవనాలను ఏం చేద్దామన్న చర్చే సాగింది.

నన్ను అన్నిటికన్న ఎక్కువ ఆపింది ఆ బ్లాకుల పేర్లు. వేంగి, కళింగ, గజపతి, విజయనగర. చరిత్ర పాఠం చెప్పేవాడిగా అడుగుతాను: వేంగి తూర్పు చాళుక్యుల రాజధాని కదా. గజపతులు కటకం నుంచి ఏలినవాళ్ళు. వాళ్ళను ఓడించిన విజయనగర రాయలు 1516లో సింహాచలం వచ్చి శాసనం వేయించాడు. శాసనం! ఎవరు ఇచ్చారో, ఏం ఇచ్చారో, ఏ శకవర్షంలో ఇచ్చారో రాతి మీద చెక్కించే అలవాటు ఆ రాజులకుండేది. రాజుల గొప్ప చెప్పడం నా ఉద్దేశం కాదు, వాళ్ళ శాసనాల్లో జాలరి వుండడు. కాని గెలిచినవాళ్ళనూ ఓడినవాళ్ళనూ ఒకే ప్రహరీలో బ్లాకులుగా నిలబెట్టినవాళ్ళు వాళ్ళ దగ్గర పేర్లు మాత్రమే తీసుకున్నారు, సంతకం చేసే అలవాటు తీసుకోలేదు. ఎండాడ పేరు ఏ బ్లాకుకూ పెట్టలేదు.

ఇదే తీరంలో ఇంకో రెండు సంగతులు క్లుప్తంగా. 2017 ఫిబ్రవరిలో జరపాలనుకున్న 'బీచి లవ్ ఫెస్టివల్' మహిళా సంఘాలు వీధిలోకి రావడంతో ఆగిపోయింది. 2024 ఫిబ్రవరి 25న ఆర్కే బీచిలో తేలే వంతెన ప్రారంభించారు. మర్నాడే దాని చివరి భాగం విడిపోయి సముద్రంలో కనిపించింది. లంగర్ల పటుత్వం పరీక్షించడానికి తామే విడదీశామని అధికారులు వివరణ ఇచ్చారు. వ్యాఖ్యానం అనవసరం.

పక్కనే ఋషికొండ బీచి మీద ఒక నీలి జెండా ఎగురుతుంది. 1985లో ఫ్రాన్సులో పుట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్‌లో వున్న ఒక పర్యావరణ విద్యాసంస్థ నడుపుతూంది. నీటి శుభ్రత మొదలు మరుగుదొడ్ల దాకా 33 కొలమానాలు. 2020 అక్టోబరులో మన దేశంలో ఎనిమిది బీచులకు ఈ జెండా వస్తే అందులో ఋషికొండ ఒకటి. ప్రచారానికి ఇంతకన్న ఏం కావాలి? 2025 మార్చి మొదట్లో ఆ జెండా దింపవలసి వచ్చింది. చెత్త, వీధికుక్కలు, పాడైన వసతులు ఫొటోలతో సహా ఆ సంస్థకు చేరాయి. హడావిడిగా అన్నీ సర్దాక ఆ నెలలోనే జెండా తిరిగి వచ్చింది.

మిత్రులు కొందరు దీన్ని మంచి ఉదాహరణగా చెబుతారు. కొంతవరకు నిజమే. ఫిర్యాదు వెళ్ళింది, ఫలితం వచ్చింది, కొన్నాళ్ళలో తేలింది. మన ప్రకటనల్లో వెనక్కి తీసుకోగల ప్రకటన ఇదొక్కటే. కాని ఇదే బీచి పక్కన కొండ విషయంలో ఏళ్ళ తరబడి కోర్టుల్లో తేలనిది, జెండా విషయంలో అంత తొందరగా ఎలా తేలింది? జెండా పోతే గిరాకీ పోతుంది కనక. కోపెన్‌హేగెన్‌కు జవాబు చెప్పే ప్రభుత్వ యంత్రాంగం పెద్ద జాలరిపేటకు చెప్పదు. ఇది అధికారుల బద్ధకం అని నేననుకోవడం లేదు. ఎవరు కొనేవారో వాళ్ళకే జవాబుదారీ అన్న సూత్రం అక్కడ పనిచేసింది. తీరంలో పుట్టినవాడు కొనేవాడు కాడు.

మా ప్రాంతం సంగతి చెబుతానన్నాను. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కృష్ణ ఒడ్డున వుండేది. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశాడు. ఆ లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. దొరికిన కట్టడాలలో కొన్నిటిని నాగార్జునకొండ మీద, కొన్నిటి నమూనాలను అనుపు దగ్గర తిరిగి కట్టారు. అది గొప్ప పనే, కాదనను. నీటికింద పోయిన ఆ నగరం పేరు ప్రాజెక్టు కాలనీలకు వచ్చింది. ఒకసారి పిల్లల్ని తీసుకుపోతే ఎనిమిదో తరగతివాడొకడు లాంచీ రేవు దగ్గర బోర్డు చూసి, "సార్, మునిగిపోయిందన్న విజయపురి ఇదేనా?" అని అడిగాడు. మునిగింది అది, మిగిలింది ఇది అని చెప్పాను. మరి అందులో వున్నోళ్ళు ఎటు పోయిన్రు సార్, అన్నాడు. వాడు అడిగింది ఇక్ష్వాకుల గురించి కాదు. 2022 మేలో 274 ఎకరాల్లో బుద్ధవనం తెరిచారు. ఇప్పుడు మా జిల్లాలవాళ్ళం కూడా కరపత్రాల్లోకి ఎక్కాం.

సాగర్‌కు దిగువన, మాకు ఇంకా దగ్గర్లో పులిచింతల వుంది. 2013 డిసెంబరులో ప్రారంభించిన ఆ ఆనకట్ట వెనక నీళ్ళలోకి అప్పటి మా మండలం వూళ్ళు పోయాయి. నెమలిపురి, అడ్లూరు, వెల్లటూరు. ఆ నీటి మీద ఎప్పుడో పడవ షికారు పెడితే దానికి ఎవరో ఏదో చక్రవర్తి పేరు పెడతారు. ఆ వూళ్ళవాళ్ళు పునరావాస కాలనీల్లో వున్నారు. వాళ్ళ పిల్లలు కొందరు బడికి వస్తారు. రిజిస్టరులో ఊరి పేరు రాసేటప్పుడు కాలనీ అని రాయబోతే ఒప్పుకోరు. వెల్లటూరు అనే రాయమంటారు.