క్రొవ్వును కరగించునది పరుగా, బరువా?

వ్యాయామశాలలో చేరిన విద్యార్థి కొన్ని నెలలకు తన ఉపాధ్యాయుని అడుగు ప్రశ్న ఒకటి కలదు. "మాస్టారూ! పొట్ట తగ్గి కండలు తేలవలెనన్న పరుగెత్తవలెనా, బరువులెత్తవలెనా?" పరుగే మేలని కొందరందురు; బరువులే చాలునని మరికొందరందురు. ఇరుపక్షములవారికిని చూపుటకు దృష్టాంతములున్నవి. దూరపు పరుగువాని ఒంటిపై క్రొవ్వు కనబడదు. బరువులెత్తువాని కండలు తిరిగి యుండును.

కాని కంటితో చూచినంత మాత్రమున ఈ వివాదము తీరదు. ముందుగా మూడు సంగతులు తెలియవలెను. దేహములోని క్రొవ్వు ఎట్లు ఖర్చగును? పని చేయునపుడు కండరము దేనిని ఇంధనముగా వాడుకొనును? తగ్గిన బరువులో క్రొవ్వెంత, కండ యెంత? ఈ మూడింటికి సమాధానము లభించుటకు రెండు శతాబ్దములకు పైగా పట్టినది. ఆ చరిత్రను తెలిసికొన్నచో విద్యార్థికి ఏమి చెప్పవలెనో మనకే స్పష్టమగును.

మొదటి ప్రశ్నకు దారి చూపినవాడు ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు లెవోయిజర్. శ్వాసక్రియ యనగా నెమ్మదిగా జరుగు దహనమే యని ఆయన గ్రహించెను. దీపములో నూనె మండునపుడు ఆమ్లజని ఎట్లు ఖర్చగునో, దేహములో ఆహారము మండునపుడును అట్లే ఖర్చగును. 1790 ప్రాంతమున ఆయన తన సహాయకుడగు సెగ్విన్ ముఖమునకు తొడుగు తగిలించి, అతడు పీల్చిన ఆమ్లజనిని కొలిచెను. సెగ్విన్ ఊరక కూర్చుండినపుడొక లెక్క. కాలితో బరువును ఎత్తునపుడు మరియొక లెక్క. పని చేయునపుడు ఆమ్లజని ఖర్చు రెండు రెట్లకు మించి పెరిగెను. వ్యాయామమునకును దహనమునకును గల సంబంధము మొట్టమొదట కొలతకు లొంగినది ఇక్కడనే. లెవోయిజర్ ఈ పరిశోధనను పూర్తి చేయలేదు. 1794 మే 8వ తేదీన విప్లవ న్యాయస్థానము ఆయనకు మరణశిక్ష విధింపగా, ఆనాడే ఆయన శిరస్సు ఖండించిరి.

దహనము జరుగుచున్నదని తెలిసినది. మండుచున్నదేమి? జర్మను శాస్త్రజ్ఞుడు లీబిగ్ 1842లో దీనికొక సమాధానము చెప్పెను. కండరము పని చేయునపుడు తనలోని మాంసకృత్తులనే ఖర్చు చేసికొనుననియు, క్రొవ్వు, పిండిపదార్థములు వేడి నిచ్చుటకు మాత్రమే పనికివచ్చుననియు ఆయన అభిప్రాయము. ఇది నిజమైనచో ఎంత వ్యాయామము చేసినను క్రొవ్వు తరుగుట కష్టము; కండయే కరగిపోవలెను! లీబిగ్ పేరు ప్రతిష్ఠల వలన ఈ మాట ఇరువది యేండ్లకు పైగా చెల్లుబడి అయ్యెను.

దానిని పరీక్షించుటకు జూరిచ్ ఆచార్యులిద్దరు ఒక కొండ నెక్కిరి. వారు శరీరధర్మశాస్త్రజ్ఞుడు ఫిక్, రసాయనశాస్త్రజ్ఞుడు విస్లిసేనస్. 1865 ఆగస్టు 30వ తేదీన స్విట్జర్లాండులోని ఫౌల్‌హార్న్ శిఖరమును సరస్సు ఒడ్డునుండి 1,956 మీటర్ల ఎత్తు ఎక్కిరి. ముందునాటి మధ్యాహ్నము నుండి వారు మాంసకృత్తులు గల ఆహారమును ముట్టలేదు. పిండితో చేసి క్రొవ్వులో వేచిన అప్పములును, చక్కెర కలిపిన తేనీరును మాత్రమే పుచ్చుకొనిరి. మాంసకృత్తులు ఖర్చైనచో వానిలోని నత్రజని మూత్రములో వెలువడును. కనుక మూత్రమును సేకరించి లెక్క వేసిరి. ఒక్కొక్కరి దేహములో ఖర్చైన మాంసకృత్తులు సుమారు 37 గ్రాములు మాత్రమే. ఫిక్ బరువు 66 కిలోగ్రాములు. అంత బరువును 1,956 మీటర్లు ఎత్తుటకు 1,29,000 కిలోగ్రామ్-మీటర్లకు పైగా పని కావలెను. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్లాండ్ మాంసకృత్తులను మండించి వాని శక్తిని కొలువగా, 37 గ్రాముల నుండి వచ్చు శక్తి ఆ పనిలో సుమారు సగమునకే సరిపోవునని తేలెను. తక్కిన శక్తి యెక్కడిది? క్రొవ్వునుండియు, పిండిపదార్థములనుండియు వచ్చినదే. లీబిగ్ సిద్ధాంతము ఆ కొండపై కూలిపోయినది.

తరువాతి తరమువారు ఊపిరినే పుస్తకముగా చదువ నేర్చిరి. విడిచిన బొగ్గుపులుసు వాయువును పీల్చిన ఆమ్లజనితో భాగించినచో వచ్చు సంఖ్య, పిండిపదార్థములు మండునపుడు 1.0, క్రొవ్వు మండునపుడు 0.7. ఈ కొలత ఆధారముగా 1939లో క్రిస్టెన్సెన్, హాన్సెన్ అను శాస్త్రజ్ఞులు తేలిక పనిలో క్రొవ్వు వంతు ఎక్కువగా నుండుననియు, పని తీవ్రమైన కొలది పిండిపదార్థముల వంతు పెరుగుననియు చూపిరి.

ఈ సత్యమునుండియే ఒక భ్రమ పుట్టినది. "అట్లయిన నెమ్మదిగా నడచినచోనే క్రొవ్వు ఎక్కువ తగ్గును గదా!" యని చాలమంది అనుకొందురు. వంతు వేరు, మొత్తము వేరు. నిమిషమునకు 5 కేలరీలు ఖర్చగు నడకలో క్రొవ్వు వంతు నూటికి 60 అనుకొందము. అరగంటకు క్రొవ్వునుండి ఖర్చైనవి 90 కేలరీలు. నిమిషమునకు 10 కేలరీలు ఖర్చగు పరుగులో ఆ వంతు నూటికి 40 మాత్రమే యైనను, అరగంటకు 120 కేలరీలగును. అంతకంటె ముఖ్యమైన సంగతి, దేహము తన జమాఖర్చులను అరగంటకొకసారి ముగించదు. వ్యాయామములో ఏది మండినను, దినములు వారములు గడచుసరికి తిన్నదానికంటె ఖర్చు హెచ్చైనపుడే నిలువయున్న క్రొవ్వు తరుగును.

ఇక మూడవ ప్రశ్న. దీనిని ముందుకు తెచ్చినది కండల ప్రదర్శన. 1901 సెప్టెంబరు 14వ తేదీన లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో యూజెన్ సాండో దేహసౌష్ఠవ పోటీ నొకదానిని నడపెను. న్యాయనిర్ణేతలలో రచయిత కానన్ డాయిల్ ఒకడు. సాండో 1905 ప్రాంతమున మన దేశమునకును వచ్చెను. నేటికిని మన బట్టల దుకాణములలో "సాండో బనియను" అని అడుగునపుడు ఆయన పేరే పలుకుచున్నాము. ఆ కాలముననే మన కోడి రామమూర్తినాయుడు తన బలప్రదర్శనలతో ఆంధ్రదేశమును ఉఱ్ఱూతలూగించుచుండెను. కండ బలిసిన దేహము అందమైనదను భావము ఇట్లు లోకమంతట వ్యాపించినది. కాని కండనుండి క్రొవ్వును వేరుచేసి కొలుచు సాధనము అప్పటికింకను లేదు. ఉన్నది త్రాసు ఒక్కటే.

త్రాసు ఎంత మోసగించునో 1942లో అమెరికా నౌకాదళ వైద్యుడు బెన్కె బయటపెట్టెను. ఆర్కిమిడీసు సూత్రమును అనుసరించి ఆయన మనుష్యులను నీటిలో ముంచి తూచెను. క్రొవ్వు సాంద్రత సుమారు 0.9, తక్కిన దేహభాగముల సాంద్రత సుమారు 1.1. కనుక నీటిలో తూచినచో క్రొవ్వు పాలు తెలియును. ఆయన పరీక్షించిన 25 మంది ఫుట్‌బాలు క్రీడాకారులలో 17 మంది, ఎత్తు-బరువు పట్టికల ప్రకారము అధిక బరువు వలన సైన్యమునకు అనర్హులు కావలసినవారు. వారిలో చాలమందికి అదనముగా నున్నది క్రొవ్వు కాదు, కండ!

దీనికి మరియొక వైపును 1945లో మిన్నెసోటా విశ్వవిద్యాలయములో కనబడినది. ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుని పర్యవేక్షణలో 36 మంది యువకులు స్వచ్ఛందముగా 24 వారములు సగము ఆహారముతో గడపిరి. వారమునకు 22 మైళ్ళు నడచిరి కూడ. వారి బరువులో దాదాపు నాలుగవ వంతు పోయెను. త్రాసు దృష్టిలో ఇది గొప్ప విజయము! నిజమునకు క్రొవ్వుతోపాటు కండరములును క్షీణించి, బలము సన్నగిల్లి, మనస్సు కూడ క్రుంగెను. తిరిగి తిండి పెట్టినపుడు ముందుగా క్రొవ్వు చేరెను. కండ ఆలస్యముగా కోలుకొనెను. తిండి మానుటయు నడచుటయు మాత్రమే మార్గముగా పెట్టుకొన్నచో కలుగు అపాయము ఇది.

అదే 1945లో సైనికవైద్యుడు డిలోర్మ్ గాయపడిన సైనికులచే క్రమక్రమముగా పెంచిన బరువులు ఎత్తించి, క్షీణించిన కండరములు తిరిగి బలపడునని ప్రకటించెను. బరువులెత్తుట వస్తాదుల విద్య మాత్రమే కాక వైద్యుల సాధనమును అయ్యెను. 1968లో కెన్నెత్ కూపర్ అను వైమానికదళ వైద్యుడు వ్రాసిన గ్రంథము పరుగు, ఈత, సైకిలు త్రొక్కుట వంటి గుండెకు పని పెట్టు వ్యాయామములను ఇంటింట ప్రచారము చేసెను. ఇట్లు రెండు పక్షములు ఏర్పడి వాదము మొదలైనది.

ఆ వాదమును నేరుగా పరీక్షకు పెట్టినవారిలో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు ముఖ్యులు. 2012లో వెలువడిన వారి ఫలితములలో అధిక బరువు గల 119 మందిని మూడు జట్లుగా చేసి, ఆహారమును తగ్గింపకుండ, 8 నెలలు వ్యాయామము చేయించిరి. పరుగు వంటి వ్యాయామము చేసిన జట్టులో సగటున సుమారు 1.7 కిలోల క్రొవ్వు తగ్గెను, కండ పెరుగలేదు. బరువులెత్తిన జట్టులో క్రొవ్వు తరుగుదల స్వల్పము; కాని కండ ఒక కిలో పెరిగెను. రెండును చేసిన జట్టులో క్రొవ్వు సుమారు 2.4 కిలోలు తగ్గి, కండయు పెరిగెను. అయితే వారికి పట్టిన కాలము దాదాపు రెట్టింపు. ఆహారమును తగ్గించినపుడు ఏమగునో 2017లో 65 ఏండ్లు దాటిన స్థూలకాయులపై జరిగిన పరీక్ష తెలిపినది. అన్ని జట్లలోను బరువు నూటికి 9 వంతులు తగ్గినది. కాని కండ మొదలగు క్రొవ్వు కాని భాగము పరుగు పక్షములో నూటికి 5, బరువుల పక్షములో 2, రెండును చేసినవారిలో 3 చొప్పున తగ్గెను.

కనుక సమాధానమిది. సమానమైన కాలములో క్రొవ్వును ఎక్కువ ఖర్చు చేయించునది పరుగు. క్రొవ్వు పోవునపుడు కండను కాపాడునది బరువు. ఈ రెండును పోటీదారులు కావు. రెండు వేర్వేరు పనులకు నియమించిన పనివారు. "కండ పెరిగినచో కూర్చున్నచోటనే క్రొవ్వు మండిపోవును" అను మాటను కూడ తూచి చూడవలెను. విశ్రాంతిలో కిలో కండరము దినమునకు సుమారు 13 కేలరీలే ఖర్చు చేయును. రెండు కిలోల కండ పెరిగినను ఆ లాభము ఇడ్లీలో సగమునకు మించదు.

పరుగును గురించియు అతిగా ఆశింపరాదు. 60 కిలోల బరువు గల యువకుడు 5 కిలోమీటర్లు పరుగెత్తినచో సుమారు 300 కేలరీలు ఖర్చగును. దేహములో నిలువయున్న క్రొవ్వు ఒక కిలో తరుగుటకు సుమారు 7,700 కేలరీలు కావలెను. అనగా 26 దినముల పరుగు! పరుగు ముగించి హోటలులో ఒక మసాలా దోసె తిన్నచో ఆనాటి ఖాతా చెల్లైపోవును. అందుచేత ఆహారమే ఇందులో పెద్ద పద్దు.

విద్యార్థి అడిగినపుడు ఉపాధ్యాయుడు చేయవలసినది త్రాసుతోపాటు కొలతబద్ద టేపును కూడ అతని చేతికిచ్చుట. బరువు మారకున్నను నడుము తగ్గి, ఎత్తగలిగిన బరువు పెరుగుచున్నచో అతడు సరియైన దారిలోనే యున్నాడు. బరువు త్వరగా తగ్గుచు బలము కూడ తగ్గుచున్నచో కండ కరగుచున్నదని హెచ్చరింపవలెను. ఎదుగు వయస్సులో ఉపవాసములు తగవు. మందపు దుస్తులు తొడిగి చెమట కార్చినంత మాత్రమున క్రొవ్వు పోదు, పోయినది నీరే.

మరి క్రొవ్వు పోవునది యెక్కడికి? 2014లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులిద్దరు పరమాణువులను లెక్కించి చూపిరి. 10 కిలోల క్రొవ్వు తరిగినపుడు 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువై ఊపిరిలో పోవును, తక్కిన 1.6 కిలోలు నీరగును. పరుగెత్తువాడును, బరువెత్తువాడును తమ క్రొవ్వును విడుచుచున్నది అత్యధికముగా ముక్కుద్వారముననే. సెగ్విన్ ముఖమునకు తొడుగు తగిలించి లెవోయిజర్ వెదకినది సరియైన చోటుననే.