అంచు పెచ్చులూడకుండా రూటర్‌తో గాజు కోత

తిన్నని కోతకు గాజుపై చక్రపు కట్టర్‌తో గీత గీసి విరిస్తే చాలు. రంధ్రాలు, బాగా లోపలికి తిరిగిన వంపులు, గాడులు కావాలంటే మాత్రం అరగదీయాల్సిందే. ఇంట్లో అమర్చుకున్న రూటర్ ఉపయోగపడేది ఇక్కడే.

చెక్కపనికి వాడే కార్బైడ్ బిట్టు పళ్లు గాజును కొట్టినట్టు తగిలి, అంచును పెచ్చులుగా లేపుతాయి. వజ్రపు పొడి పూసిన బిట్టు గాజును రేణువులుగా అరగదీస్తుంది. రూటర్లు సాధారణంగా నిమిషానికి 10,000 నుంచి 30,000 సార్లు తిరుగుతాయి; గాజుకు కనిష్ఠ వేగమే మేలు. లోతును కొద్దికొద్దిగా పెంచాలి. బిట్టు అవతలికి వచ్చేచోట పెచ్చు లేవకుండా అడుగున మరో గాజు పలకను మైనంతో అతికించాలి.

నీరు ఆగకుండా అందితే బిట్టు వేడెక్కదు, గాజు పొడి గాలిలోకి లేవదు. కానీ అసలు ప్రమాదమూ ఆ నీటితోనే. రూటర్‌ను బల్ల కింద తలకిందులుగా బిగిస్తే నీరు నేరుగా మోటారులోకి దిగుతుంది. అందుకే మోటారు పైన, గాజు కింద పళ్లెంలో ఉండాలి. నీటి చిమ్ములు మోటారుకు చేరకుండా అడ్డు పెట్టాలి. విద్యుత్ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

టఫెన్డ్ గాజును ఏ బిట్టుతోనూ కోయలేం; తాకితే పలకంతా ముక్కలవుతుంది. కోత, రంధ్రం అన్నీ ముగిశాకే దాన్ని టఫెనింగ్‌కు పంపుతారు.