ఇంజను క్రింది రేకు

హైదరాబాదు నుండి సంగారెడ్డి మీదుగా నాందేడు పోవు దారిలో పిట్లం ఒక మజిలీ. చిరకాలము నిజామాబాదు జిల్లాలో నుండిన ఈ ఊరు 2016 అక్టోబరు 11 నాడు ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో చేరినది. నేడు 161 వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతము మీదుగనే పోవుచున్నది. తారు పరచిన బాటపై సుఖముగా సాగిపోవు మనకు తాతల కాలపు ప్రయాణ మెట్టిదో సులభముగా తోచదు. సమీపమున మంజీర నదిపై నిజాంసాగరు నిర్మాణము 1923 లో ఆరంభమై 1931 లో ముగిసినది. ఆ దినములలో వేసవియందు మొరము దుమ్ము, వానలలో చక్రమును పట్టి వదలని రేగడి బురద, వాగు దాటునప్పుడు ఎగజిమ్మెడు నీరు మోటారుబండికి నిత్యపరీక్షలుగా నుండెడివి.

మరి ఆ బురదలో నాటి ఇంజనులు ఎట్లు బ్రతికినవి? ఈ ప్రశ్నకు గల సమాధానములలో ఒకటి మిక్కిలి చిన్నది. ఇంజను క్రింద, దాని ప్రక్కలను బండి చట్రమునకు కలుపుచు, పలుచని లోహపు రేకులు బిగించెడివారు. ఆంగ్లమున వీనిని స్ప్లాష్ పాన్ అందురు. మనము ఇంజను క్రింది రేకు అందము. ఇంజను నూనె నిలుచు తొట్టి వేరు, ఈ రేకు వేరు. దీనిలో నూనె పోయరు. ముందు చక్రములు చిమ్మెడు బురదను, రాళ్ళను అడ్డుకొనుటయే దీని పని.

1908 నుండి 1927 వరకు ఒక కోటి ఏబది లక్షలకు పైగా తయారైన ఫోర్డు మోడల్ టి కారులో ఈ రేకులు రెండు. ఇంజనునకు ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. కార్బురేటరు కుడి ప్రక్కను, చాల క్రిందుగా నుండును. రేకు లేనిచో దారిలోని దుమ్మంతయు దానికే ముందుగా చేరును. బ్రిటిషు పాలనలోని మన దేశమునకు ఈ కార్లు ఎక్కువగా కెనడాలోని ఫోర్డు కర్మాగారమునుండి వచ్చెడివి. 1926 లో ఆ కంపెనీ బొంబాయిలో శాఖ నెలకొల్పినది. ఖరీదైన కార్లలో ఇట్టి రేకులను అల్యూమినియముతో చేయుటయు కలదు.

మన ప్రాంతమున మోటారు ప్రయాణము సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది 1932 జూనులో. ఆ నెల నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినది. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున తయారైన ఆల్బియన్ బండ్లు ఆనాటివే. అంతకంతకు బండ్లు పెరిగినవి; వానిని బాగుచేయు మిస్త్రీలును పెరిగిరి.

రేకునకు కష్టకాలము వచ్చినది కూడ ఈ మిస్త్రీల వలననే. ఇంజనును క్రిందినుండి విప్పవలెనన్న ముందుగా రేకును తీయవలెను. మరల బిగించుట శ్రమ. బండి తొందరగా కావలెనని యజమాని నిలిచియుండగా మిస్త్రీ దానిని గోడకు చేరవేసెడివాడు. రేకు లేకున్నను బండి కదలును గదా! అట్లు విడిపోయిన రేకు పాత ఇనుములోనికి పోయినది. అందుచేతనే నేడు పాత కారులో అన్ని భాగములు దొరికినను ఈ రేకు మాత్రము దొరకుట అరుదు.

కావున అదృష్టవశమున దొరికినదానిని పారవేయరాదని మా విన్నపము. ముందుగా ఏ బోల్టు ఏ రంధ్రములోనిదో గుర్తు పెట్టుకొనవలెను. పేరుకొనిన నూనె మడ్డిని కిరసనాయిలుతో నానబెట్టి, కర్రముక్కతో గీకి తీయవలెను. ఇనుపరేకును కాస్టిక్ సోడా నీటితో కడుగవచ్చును. అల్యూమినియమును ఆ నీరు తినివేయును గనుక దానికి సబ్బునీరే తగినది. సొట్టలను కొయ్యదిమ్మపై పెట్టి కొయ్యసుత్తితో మెల్లగా సరిచేయవలెను. గట్టిపడిన అల్యూమినియమునకు సబ్బు రుద్ది, ఆ సబ్బు నల్లబడువరకు కాచి చల్లార్చినచో మరల మెత్తబడును. కాచి మెత్తబరచి కొట్టుట మన కంచరులకు తరతరములుగా తెలిసిన విద్యయే. పగులు కనబడినచో దాని కొనయందు చిన్న రంధ్రము వేసిన అది ముందుకు ప్రాకదు. పిమ్మట లోపలివైపున అతుకువేసి రివెట్లు కొట్టవలెను. ఇనుపరేకునకు త్రుప్పు వదలించి, రెడ్ ఆక్సైడు పూసి, ఆపైన నల్లరంగు వేయుట చాలును.

తిరిగి బిగించుటలోను మెలకువ కావలెను. రేకునకు, చట్రమునకు మధ్య తోలుముక్కలో ఫెల్టుముక్కలో ఉంచిన చప్పుడు రాదు. అల్యూమినియము నేరుగా ఇనుమును తాకుచు తడిసినచో తినుకుపోవును. ఆ ముక్కలు ఈ కీడును కూడ తగ్గించును. గతుకులలో చట్రము కొంత మెలిపడును గనుక మితిమీరి బిగించినచో రేకు చీలును. కారిన పెట్రోలు, నూనె ఈ రేకులో నిలిచిన అగ్నిభయము కలదు. కావున అప్పుడప్పుడు తీసి తుడువక తప్పదు. ఒకనాడు మిస్త్రీ తప్పించుకొన జూచిన శ్రమ ఇదియే!

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉన్నది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ దానిని చేయింపదలచి, చూడకయే 1911 లో పరమపదించెను. 1912 నాటి ఆ కారును ఏడవ నిజాము అందుకొనెను. చూడవచ్చినవారు లోపలి సింహాసనము వంటి ఆసనమును చూచి ఆశ్చర్యపడుదురు. వంగి క్రిందిభాగము చూచువారు అరుదు.

ఆసనము రాజు ఎట్లు కూర్చుండెనో చెప్పును. బండి ఏ దారిన నడచినదో చెప్పవలసినది క్రింది రేకే. దానిపై రాయి తగిలిన ప్రతి సొట్టయు మన పాతబాటల చరిత్రలో ఒక అక్షరము. ఇంజనునకు హానిచేయు సొట్టను సరిచేయుడు, తక్కినవానిని ఉండనిండు. మీ ఇంటి కొట్టములో తాతగారి కారు ఉన్నచో, ఒకసారి ఆ మూలనున్న పాత ఇనుమును వెదకి చూడుడు. గోడకు చేరవేసిన ఆ రేకు ఇంకను అక్కడనే ఉండవచ్చును.