నేల మ్రింగిన ఉంగరము

శచీతీర్థమున శకుంతల వ్రేలినుండి జారిన ఉంగరము చేప కడుపున పడి జాలరికి దొరకిన కథ మనకందరకును తెలిసినదే. కాని ఆ జాలరి గతి ఏమైనదో అంతగా తలచుకొనము. ఉంగరమును అమ్మజూపినందుకు రాజభటులు అతనిని దొంగ యని కట్టి కొట్టిరి. రాజు దానిని గుర్తించిన పిమ్మట, దాని వెలకు సరియైన ధనమును అతనికి బహుమానముగా నిచ్చెను. పోయిన వస్తువు ఎవరికి చేరవలెను, దొరకినవానికి ఏమి ముట్టవలెను అను ప్రశ్నలు అంత పాతవి. లోహమును పసిగట్టు యంత్రము చేతికి వచ్చిన ఈ కాలమునను అవి మనలను విడువలేదు.

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి భూములను దృష్టియందుంచుకొని ఈ విషయమును చెప్పుకొనుటకు కారణము గలదు. రేగడి వానకు ఉబ్బును. ఎండకు ముడుచుకొని నెర్రెలు విచ్చును. నడివేసవిలో కొన్ని చోట్ల చేతికర్రను దించినచో మూరెడుకు పైగా దిగును. పైమట్టి పొడియై ఆ నెర్రెలలోనికి రాలును. తొలకరికి నెర్రె మూసుకొనును. తన్ను తానే కలియబెట్టుకొను నేల యని భూసార శాస్త్రజ్ఞులు దీనిని వర్ణింతురు. ఇట్టి నేలలో పడినది ఒక్క యేడు గడచునప్పటికి ఏ లోతునకు పోవునో చెప్పజాలము. దానికి తోడు నాగలి, ఇప్పుడు ట్రాక్టరు.

పోగొట్టుకొనువారు తరచుగా కూలికి వచ్చిన స్త్రీలు. మిరపకాయ కోయునప్పుడు చేతులు మండును. ఉంగరమును తీసి కొంగున ముడివేయుదురు. పత్తి తీయునప్పుడు ఒడి నిండినకొలది దులుపుట, మరల కట్టుట. ఆ సందడిలో కొంగుముడి సడలుట ఎంతసేపు? కాయలతోపాటు ఉంగరము కళ్ళమునకు చేరి, అటనుండి టిక్కీలోనికి ఎక్కి, గుంటూరు మిరప యార్డునకు పయనమైనను ఆశ్చర్యము లేదు. పోయినది పలుచని ఉంగరమే కావచ్చును, వెండి మెట్టె కావచ్చును. అది పెండ్లినాటిదైనచో, లేక గతించిన తల్లి చేతిదైనచో, క్రొత్తది చేయించి ఇచ్చినను ఆ లోటు తీరదు. రాజుల నిధులను గూర్చి గ్రంథములు గలవు. ఈ మెట్టెలను గూర్చి వ్రాసినవారు తక్కువ.

పూర్వము వెదకు ఉపాయములు పలువిధములు. బావిలో పడినదానికి పాతాళగరిగె గలదు. అది చేదకు, బిందెకు కొక్కెము వేయును గాని ఉంగరమును పట్టదు. దానికి ఈతగాడు మునుగవలసినదే. భారతమున ద్రోణుడు కురుకుమారుల ఆటవస్తువును, తన ఉంగరమును నూతినుండి వెడలదీసిన విద్య మనకు అబ్బలేదు. కళ్ళములో పడినదానికి జల్లెడ. కంసాలి కొట్టు ముంగిటి దుమ్మును కడిగి బంగారు రజనును ఏరుకొని బ్రతికినవారును గలరు. ఏదియు పనిచేయనిచో అంజనము: తమలపాకునకు కాటుక రాచి, పిల్లవానిచేత అందులో చూపించుట. అంజనములో ఉంగరము కనబడుటకంటె ఎవరో ఒక నిరపరాధి ముఖము కనబడుటయే ఎక్కువ. ఇంటి పనిమనిషికో పాలేరుకో అపవాదు తెచ్చిన ఈ విద్య వెనుకబడినందుకు మేము విచారింపము.

ఇక యంత్రము. దీనికి టెలిఫోనుతోను, రేడియోతోను చుట్టరికము గలదు. 1881 జులై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డునకు తుపాకి గుండు తగిలెను. అది దేహములో ఎక్కడ నున్నదో వైద్యులకు తెలియలేదు. టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్, తీగచుట్టలను టెలిఫోను గొట్టమునకు కలిపి, లోహము సమీపించినచో ధ్వని వినబడునట్లు ఒక సాధనమును చేసి తెచ్చెను. మంచములోని ఉక్కు స్ప్రింగులు ధ్వనిని చెడగొట్టినవి. వైద్యులు ఒక ప్రక్కనే వెదకనిచ్చిరి. గుండు దొరకలేదు. సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించెను. పిమ్మట గెర్హార్డ్ ఫిషర్ అను నతడు విమానములకు దిక్కు తెలుపు రేడియో సాధనములపై పనిచేయుచు, లోహపు ఖనిజము గల తావులలో లెక్కలు తప్పుచుండుట గమనించి, ఆ తప్పునే విద్యగా మార్చెను. 1937లో అతనికి అమెరికాలో పేటెంటు లభించెను. రెండవ ప్రపంచయుద్ధమున పోలెండు సైనికోద్యోగి యూజెఫ్ కొసాట్‌స్కీ రూపొందించిన సాధనముతో 1942లో ఎల్ అలమీన్ ఇసుకలో మందుపాతరలను వెదకిరి. నేడు పాశ్చాత్య దేశములలో ఈ యంత్రమును వ్యాపకముగా పెట్టుకొని, సముద్రతీరములలో పోయిన పెండ్లి ఉంగరములను వెదకి ఇచ్చువారు పలువురు కలరు.

దాని పని తీరు కష్టమైనది కాదు. తీగచుట్టలో మారుచుండు విద్యుత్తు అయస్కాంత క్షేత్రమును కల్పించును. అందులో లోహము పడినచో దానిలో చిన్న విద్యుత్ సుడులు పుట్టి ఎదురు పలుకును. నిండైన ఉంగరము చక్కగా పలుకును. తెగిన ఉంగరము, సన్నని గొలుసు అంత బాగుగ పలుకవు. సుడి తిరుగుటకు త్రోవ చాలదు గనుక. చిన్న వస్తువు సాధారణముగా జానెడు లోతునకు మించి వినబడదు. సూర్యలంక, ఓడరేవు వంటి తీరములలో ఉప్పుతడి ఇసుకయు యంత్రమును తికమక పెట్టును. బంగారపు వెలను అది ఎరుగదు; అల్యూమినియము రేకును గూడ అట్లే పలుకరించును.

వస్తువు ఎవరిదో కూడ యంత్రమెరుగదు. చిక్కంతయు ఇక్కడనే. మన సీమలో భూమిని వెదకినవారందరును పోయినదానిని తిరిగి ఇచ్చుటకు వెదకలేదు. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో నగరమును కట్టించునప్పుడు దీపాలదిన్నెను త్రవ్విరి. కట్టడములకు ఇటుకలు, రాళ్ళు కావలెను. లోపల నిధి యున్నదన్న ఆశయు తోడయ్యెను. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూచునప్పటికే స్తూపము చాలవరకు చెడియుండెను. నేడును గుప్తనిధులని పాత గుడులను రాత్రివేళ త్రవ్వువారు లేకపోలేదు.

భట్టిప్రోలు కథ వేరు. 2022 వరకు గుంటూరు జిల్లాలో నుండి, ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన ఆ గ్రామమున 1892లో అలెగ్జాండర్ రీ స్తూపగర్భమును త్రవ్వించెను. రాతి కరండములు మూడు బయల్పడినవి. స్ఫటికపు భరిణె, బంగారపు పూవులు, ముత్యములు అందులోనివి. రాతిపై ప్రాకృతమున దాతల పేళ్లు చెక్కబడియున్నవి: కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు. ఉంగరము లోపల పేరు చెక్కించుకొను మనవారివలెనే ఆ కుటుంబమును తమ పేళ్లను వస్తువుతో కలిపి భద్రపరచినది. రెండువేల యేండ్లు దాటినను ఆ పేళ్లు చెరగలేదు. అచటి ధాతువును 1920 నవంబరులో కలకత్తాలోని మహాబోధి సొసైటీకి అప్పగింపగా, వారు ధర్మరాజిక విహారమున ప్రతిష్ఠించిరి.

ఇట్టి పాతవానికిని నిన్న పోయిన మెట్టెకును చట్టమొకటి కాదు. 1878 నిధుల చట్టము ప్రకారము, నేలలో దాగియున్న నిధి పది రూపాయల విలువకు మించినదైనచో, దొరకినవాడు కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెను. 1958 చట్టము రక్షిత స్థలములలో అనుమతి లేని త్రవ్వకమును నిషేధించినది. జారిపడిన ఉంగరమునకు మాత్రము యజమాని కలడు. 1872 కాంట్రాక్టు చట్టము దొరకినవానిని ఆ వస్తువునకు కాపరిగా నెంచును. అతడు తన శ్రమకు కూలి కొరకు దావా వేయజాలడు గాని, అది ముట్టువరకు వస్తువును తన యొద్ద నుంచుకొనవచ్చును. యజమాని ఇంత యని బహుమానము ప్రకటించియుండినచో దానికొరకు దావా వేయవచ్చును. దుష్యంతుని జాలరికి ఈ చట్టము లేకపోయెను.

రేగడిలో ఉంగరము పోయినచో మేము చెప్పునది ఒక్కటే: ఆ చాలున కర్ర పాతి, దుక్కిని ఆపవలెను. యంత్రమును తీయుటకు ముందు పోగొట్టుకొన్న ఆమెను గట్టున కూర్చుండబెట్టి, ఏ చాలున మొదలిడినది, కొంగుముడి ఎప్పుడు తడవుకొన్నది, నీళ్ళకు ఎటు నడచినది, సద్దిమూట ఏ చెట్టు క్రింద విప్పినది తీరికగా అడుగవలెను.