వెనుదిరుగు విద్య

కొండలపై విమానములు కూలుటకు వాని యెత్తే కారణమని మనము తలంతుము. చరిత్ర వేరొక సంగతిని చెప్పుచున్నది. అమెరికా తూర్పుభాగమునందలి అలిఘనీ కొండలు మన హిమాలయముల ముందు గుట్టలవంటివి. అయినను న్యూయార్కు నుండి క్లీవ్‌లాండుకు టపా తీసికొనిపోయిన తొలి వైమానికులు వాని పేరు విన్న జంకెడివారు.

ఆ మార్గమున 1919లో టపా విమానములు క్రమముగా నడువసాగెను. చోదకుడు పైకప్పులేని గద్దెపై కూర్చుండి, రైలుపట్టాలను, నదులను, ఊళ్లను చూచుకొనుచు దారి తెలిసికొనవలసియుండెను. తేమగాలి కొండవాలున పైకెగసి, చల్లబడి మేఘమగును. కావున నేల ఎక్కడ మిక్కిలి ఎత్తో, మబ్బు అక్కడనే దానిని కప్పియుండును. ఆ మబ్బు క్రింద లోయవెంట పోవు చోదకునికి పైన మేఘము దిగును, క్రింద నేల లేచును, ఇరుప్రక్కల కొండలు దగ్గరగును. తిరిగిపోవలెనని తోచునప్పటికి తిరుగుటకు చోటుండదు.

నాటి టపా విమానముల పెద్ద ఆటో ప్రేగర్‌కు వేళ తప్పకుండుటయే ముఖ్యము. 1919 జూలైలో పొగమంచులో ఎగురుటకు నిరాకరించిన చోదకుని పనినుండి తొలగింపగా, తోటివారు సమ్మె కట్టిరి. కొలది దినములకే రాజీ కుదిరెను. ఎగురుటయా, ఆగుటయా అను నిర్ణయము దూరమున వాషింగ్టనులోనున్న పెద్దలకు గాక, ఆయా విమానాశ్రయముల అధికారులకు అప్పగింపబడెను.

అయిన, మబ్బులో చొచ్చినవాడు ధైర్యము చిక్కబట్టుకొని తిన్నగా పోలేడా? పోలేడు. ఒప్పులకుప్ప ఆడి ఆగిన బాలికలకు నిలిచియున్న ఇల్లు తిరుగుచున్నట్లుండును. చెవిలోపలి సూక్ష్మనాళములందలి ద్రవము చేయు మోసమది. 1926లో డేవిడ్ మైయర్సు అను సైనికవైద్యుడు విలియం ఆకర్ అను అనుభవజ్ఞుడైన వైమానికుని కండ్లు మూయించి కుర్చీలో త్రిప్పెను. కుర్చీ ఒకే వేగమున తిరుగుచుండగా అది ఆగినదని ఆయనకు తోచెను. ఆగినప్పుడు ఎదురుదిక్కుగా తిరుగుచున్నదని తోచెను. మబ్బులోని చోదకునిదియు ఇదే స్థితి. విమానము ఒక ప్రక్కకు ఒరిగి సుడి తిరుగుచు దిగుచున్నను, తాను తిన్నగా పోవుచున్నట్లే అతడు నమ్మును.

కావున దేహమును గాక యంత్రమును నమ్మవలసివచ్చెను. 1929 సెప్టెంబరు 24న జేమ్సు డూలిటిల్ ముసుగు వేసిన గదిలో కూర్చుండి, బయలు చూడకయే, యంత్రముల ఆధారముతో విమానమును లేపి, నడిపి, దింపెను. ఆ యంత్రములు నేడు చిన్న విమానములందును కలవు. కాని వానిని చదువుట ప్రత్యేకమైన అభ్యాసము.

ఆ అభ్యాసము లేనివాని గతి యేమి? 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన పరిశోధనలో, ప్రక్కన శిక్షకుడుండగా, 20 మందిని బయలు కనబడని స్థితిలో నడుపుమనిరి. ఇరువదిమందియు విమానముపై అదుపు కోల్పోయిరి. అందుకు పట్టిన కాలము సగటున 178 సెకండ్లు, అనగా మూడు నిమిషములైనను లేదు. పిమ్మట వారికి ఒకే విద్య నేర్పిరి: యంత్రమును చూచుచు మెల్లగా సగము చుట్టు తిరిగి, వచ్చిన దారినే మరలుట. నేర్చిన పిదప ఇంచుమించు ప్రతి ప్రయత్నమును ఫలించెను.

ఆ విద్యయైనను లోయ ఇరుకైన పిదప పనికిరాదు. దిగవలసిన ఊరు దగ్గరనే యున్నది, వేచియున్నవారున్నారు, ఇంకొక మలుపు చూతమను ఆశయే నేటికిని చిన్న విమానములను కొండలకు బలియిచ్చుచున్నది. 1919లో పొగమంచును చూచి ఎగురనన్న చోదకుని పిరికివాడని అనుకొన్నవారుండవచ్చును. ఎదుటి కొండ మసకబారుచుండగానే, తిరుగుటకు ఇంకను చోటుండగానే వెనుదిరుగువాడు చేయునది అతడు చేసిన పనియే.